మట్టిని ఉతికిన వైనం

బట్టలు ఉతికేవాళ్లను మీరు చూసి ఉంటారు. నేను మట్టిని ఉతికాను. ఉతికి, ఉన్న ఒక్క అరటితోటనూ నా చేతులతోనే పాడు చేసుకున్నాను. నవ్వడానికి ఖర్చేమీ లేదు కాబట్టి చెబుతున్నాను, వినండి.

జమ్మలమడుగు దగ్గర మా ఇంటి వెనకే నల్లరేగడి చేను. ఐదారేళ్ల కిందట అరటి గెలలు వేసి కాయ ఊరే వేళకు ఆకుల అంచులు మాడటం మొదలైంది. వ్యవసాయ ఆఫీసులో పొటాష్ ఎరువు వేయమన్నారు. కాయ లావెక్కకపోతే ప్రొద్దుటూరు వ్యాపారి మా తోట వైపు కన్నెత్తి కూడా చూడడు. మా ఇంటాయన మూట తెచ్చి, చల్లడానికని గట్టు పక్కన కుప్ప పోసి, టీకి పోయాడు. సరిగ్గా అప్పుడే వాన దంచింది. ఆయన టీ చల్లారేలోపు ఎర్రటి పలుకులన్నీ కరిగి నేలలోకి దిగిపోయాయి.

"పోనీలేమ్మే, ఇంకో మూట తెస్తా," అన్నాడు.

ఇంకో మూటంట. అరిగిన సబ్బు పలుకును కొత్త సబ్బుకు అతికించే నాలాంటి మనిషితో అనాల్సిన మాటేనా అది?

"యాడికి పోతాది? ఆ మట్టి తవ్వి నీళ్లలో కలుపు. పొటాష్ నీళ్లలోకి దిగుతాది. వడగట్టి చెట్లకు పోద్దాం."

"మట్టిని ఉతుకుతావా?"

"ఉతుకుతా. మా పులివెందుల ఎర్రనేలలో గట్టి వాన పడితే ఎరువంతా నీళ్లెంబడే పోతాది. నాకు తెల్దా?"

పుట్టింటి నేల తీరే అన్ని నేలలదీ అనుకున్నాను. డ్రమ్ముల నిండా మట్టి పిసికి, పాత చీరతో వడగడుతుంటే పక్కింటి ఖాదర్‌బీ గోడ మీదుగా తొంగి చూసింది.

"ఏమక్కా, శానా పాయసం చేస్తాండావే, ఎవురి పెండ్లికి?"

నేను వడగట్టిన నీళ్లు నాలుక మీద వేసుకున్నాను. ఉప్పగా తగిలింది.

"పొటాష్ వచ్చేసినాది. నువ్వూ రుచి చూడు," అన్నాను ఇంటాయనతో.

"వద్దంటే ఇడుస్తావా," అని ఆయన కషాయం మింగిన బిడ్డలా మొహం పెట్టాడు.

అడుగున మిగిలిన బురదను ఖాదర్‌బీ అడిగింది. "మా పెరట్లో అరటిచెట్ల కాడ గుంతలు పడినాయక్కా, పూడ్చుకుంటా."

"సారం పోయిన మట్టి. ఊరికే తీసుకోపో."

ఊరికే ఇవ్వడం నాకు అలవాటు లేని పని. ఆ సాయంత్రమంతా నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఆ నీళ్లు పోసిన కొన్నాళ్లకు మా ఆకులు ఇంకా మాడాయి. వ్యవసాయ ఆఫీసరమ్మ వచ్చి, అంతా విని, చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది.

"అవ్వా, ఎర్రనేల వదిలేస్తాది గానీ, ఈ నల్ల బంకమట్టి పొటాష్‌ను పట్టుకుందంటే ఉత్త నీళ్లకు అంత సులువుగా వదలదు. చెట్టు వేరుకైతే కొంచెం కొంచెంగా ఇస్తాది. నువ్వు రుచి చూసింది మట్టి వదిలిన వేరే ఉప్పు. దాన్నే చెట్లకు పోసినావు."

"మరి నా పొటాష్ యాడుంది?"

"బురద యాడుంటే ఆడుంది."

గెలలు కోతకొచ్చాక ప్రొద్దుటూరు వ్యాపారి వచ్చాడు. మా గెలలను చూసి తల గీరుకుని, గోడ అవతలికి చూసి ఆగిపోయాడు.

"పెద్దమ్మా, ఆ లావు గెలలు ఎవురివి?"

ఖాదర్‌బీ కొంగు సర్దుకుని, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. "చెట్లు మావేనన్నా. ఎరువు అక్కది. ఉతికి, వడగట్టి మరీ ఇచ్చింది."

ఆయన ఆమె గెలలు కొనుక్కుని పోయాడు. మా ఇంట్లో పూటపూటకూ అరటికాయ వేపుడే. ఆ వేపుడు ముందు కూర్చుని, ఇంటాయన సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో మళ్లీ మట్టిని ఉతకను. ఎవరికీ ఏదీ ఊరికే ఇవ్వను, అది బురదైనా సరే.