ఎల్బీనగర్ చౌరస్తాలో నా స్పానిష్ క్లాసు

‘నువ్వు’ అన్నందుకు నన్ను స్పానిష్ క్లాసులోంచి బయటికి పంపారు. తప్పు వాళ్లది. క్లాసులో నా చోటు నాకు ఇస్తారో లేదో తేల్చుకుందామని మర్నాడు పొద్దున్నే మళ్లీ దిల్‌సుఖ్‌నగర్ బయలుదేరాను.

జరిగింది ఇది. కోఠి ఫుట్‌పాత్ మీద నాకు స్పానిష్ నేర్పే పుస్తకం ఒకటి దొరికింది. సర్వనామాల దాకా ఉంది, తర్వాతి పేజీలు లేవు. ఇంగ్లిషు కూడా ఇలాంటి పుస్తకాలతోనే నేర్చుకున్నవాణ్ని. సగంలో వదలడం నాకు చేతకాదు. మిగతా సగం కోసం దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటరులో చేరాను. సర్వనామాలు అప్పటికే కంఠతా. యో అంటే నేను. కాని వాళ్లు ఊరికే యో అనరు, క్రియ చివరనే తెలిసిపోతుంది, మనం ‘పోతున్న’ అన్నట్టు. తూ అంటే నువ్వు. ఉస్తెద్ అంటే మీరు. దాని వెంట ‘ఆయన’కు వాడే క్రియ వస్తుంది, ఎదురుగా ఉన్న మనిషితోనే ఇంకెవరి గురించో మాట్లాడుతున్నట్టు.

మాకు పాఠం చెప్పేది మాధవి, గుంటూరు అమ్మాయి. ఒక్కొక్కరినీ ముందు తెలుగులో, తర్వాత స్పానిష్‌లో తనను ఒక ప్రశ్న అడగమంది. నా వంతు రాగానే, “నువ్వు ఏడికెల్లి వచ్చినవ్ బిడ్డా?” అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆమె ముఖం ఎర్రబడింది. “మర్యాద నేర్చుకుని రండి” అని నన్ను బయటికి నడవమంది.

నా చిన్నప్పుడు మా నాయనకూ ఇదే జరిగింది. “జర నువ్వే చూడాలె సారూ” అన్నందుకు, కచేరీకి కొత్తగా వచ్చిన అధికారి ఆయన్ను ఎండలో నిలబెట్టాడు. అది నేను మరిచిపోలేదు. దొర కాళ్లకు మొక్కిన రోజుల్లో కూడా మేము నీ బానిసనంటూ ‘నీ బాంచెన్’ అన్నాం గాని ‘మీ’ అనలేదు.

మా ఊరు పెద్ద అంబర్‌పేట్‌లో ఎనిమిదింటి బస్సు ఎక్కాను. హయత్‌నగర్ దాటితే సీటు దొరకదు, వెళ్లేవాళ్లు గుర్తుంచుకోండి. వనస్థలిపురంలో మాధవి ఎక్కింది. నన్ను చూసి ముఖం తిప్పుకుంది.

ఎల్బీనగర్ చౌరస్తాలో బస్సు ఆగింది. “దిగుండ్రి, దిగుండ్రి! ఇయ్యాల వంటావార్పు. పప్పు ఉడికేదాక బస్సు కదలది” అన్నాడు కండక్టరు. ప్రత్యేక రాష్ట్రం కోసం హైవే మీదే పొయ్యిలు పెట్టి, వండి, వచ్చినవాళ్లందరికీ వడ్డించే నిరసన అది. విస్తళ్లు పరిచి ఉన్నాయి. నేను కూర్చున్నాను. మాధవి బ్యాగు గుండెకు హత్తుకుని నిలబడే ఉంది.

“ఏందమ్మా గట్ల నిలబడ్డవ్? కూసో” అంది వడ్డించే ఆవిడ.

“నాకొద్దండీ” అంది మాధవి.

ఆ ‘అండీ’ వినగానే కండువా వేసుకున్న ఒకతను తలెత్తాడు. “ఆంధ్రానా అక్కా?” పక్కవాళ్లు కూడా ఆమె వైపు తిరిగారు.

“మా పంతులమ్మ. నాకు స్పానిష్ చెప్తది” అన్నాను నేను.

“గదేం భాష తాతా?”

“ఫుట్‌బాల్ ఆడెటోళ్ల భాష.”

“ఈ వయసుల నువ్వు ఏ టీముల ఆడ్తవ్?” అన్నాడతను. అందరూ గొల్లున నవ్వారు. వడ్డించే ఆవిడ మాధవి భుజం పట్టి నా పక్కన కూర్చోబెట్టింది. “ఆంధ్రా అయితే ఆకలి కాదా? తిను బిడ్డా.” తర్వాత మైకు దగ్గరున్న తెల్లజుట్టు పెద్దాయన వైపు తిరిగి కేకేసింది. “సారూ, నీ బీపీ గోలి ఏసుకున్నవా? మాట్లాడింది సాలు, నువ్వు గూడ రా!”

ఆయన ఇక్కడి కాలేజీలో ప్రిన్సిపాల్‌గా చేసినవాడు. బుద్ధిగా వచ్చి విస్తరి ముందు కూర్చున్నాడు.

“ఆవిడ ఆయన బంధువా?” మెల్లగా అడిగింది మాధవి.

“కాదు. ఇయ్యాల పొద్దుగాల్నే ఈడ పరిచయమై ఉంటరు.”

ఆమె పప్పన్నం కలిపి ఒక ముద్ద తింది. తర్వాత, తనలో తను అనుకున్నట్టుగా అంది: “కొలంబియాలో కొన్ని ఊళ్లలో కన్నబిడ్డల్ని కూడా ఉస్తెద్ అనే పిలుస్తారు. స్పెయిన్‌వాళ్లకు అది వింతగా ఉంటుంది.”

“వాళ్లకు ఊరికో పద్ధతి ఉండొచ్చు గాని పెద్ద అంబర్‌పేటకు ఉండొద్దా?”

ఆమె చారు పోయించుకుంది.

మధ్యాహ్నం దాటినా దిల్‌సుఖ్‌నగర్ వైపు దారి తెరవలేదు. క్లాసు లేదని ఆమెకు ఫోను వచ్చింది. హయత్‌నగర్ వైపు వదిలిన మొదటి బస్సులో ఇద్దరం వెనక్కి వచ్చాం. వెళ్లిన పని కాలేదు, ఎల్బీనగర్ కూడా దాటకుండానే తిరిగి వస్తున్నాను. అయినా కడుపు నిండింది, కోపం సగమైంది. చౌరస్తాలో దొరికే మర్యాద ఏమిటో దిల్‌సుఖ్‌నగర్ ఒక్కసారి వచ్చి తిని చూడాలి అనుకున్నాను.

వనస్థలిపురంలో ఆమె దిగుతుంటే ఇక ఉండబట్టలేదు. నా నోటికి అలవాటు లేని మాట కూడబలుక్కుని, కిటికీలోంచి గట్టిగా అడిగాను. “మేడమ్, మీరు ఒక్క మాట చెప్పండి. క్లాసుల నాకు చోటు ఉన్నదా, లేదా?”

బస్సు కదులుతుండగా ఆమె నవ్వుతూ కిటికీ పక్కన నాలుగడుగులు నడిచి చెప్పింది: “నువ్వలా మీరూ గీరూ అంటుంటే భయమేస్తోంది తాతా! రేపు పొద్దున్నే వచ్చేయ్, ముందు బెంచీలో నీ చోటు ఉంచుతాను.”