సున్నం రాలని స్తంభం

ఉక్కు పరీక్షల షెడ్డులో ఆమెను చిన్నా పెద్దా అందరూ సున్నం అత్తయ్య అనేవారు. పరీక్షకు వచ్చిన ప్రతి స్తంభానికీ పలచగా సున్నం పూయడం ఆమె పని. యంత్రం పైనుంచి నొక్కుతుంటే ఉక్కు ఎప్పుడు లొంగిందో కంటికి తెలియదు. దాని ఒంటిమీది సున్నం మాత్రం పొట్టుపొట్టుగా రాలుతుంది. "రాలింది నాయనా!" అని ఆమె కేకేస్తే యంత్రం ఆగేది.

"అత్తయ్య చేతికి చిక్కితే కాకి కూడా కొంగైపోతుంది" అని యంత్రం నడిపేవాడు నవ్వేవాడు.

ఆమెకు గిట్టనివి సన్నగా, పొడుగ్గా ఉండే స్తంభాలే. అవి సున్నం రాల్చవు. చప్పుడు చెయ్యవు. ఉన్నట్టుండి నడుము దగ్గర పక్కకు వాలతాయి, బరువు తీస్తే తిరిగి నిటారుగా నిలబడతాయి. వాటికి ఆమె పెట్టిన పేరు నంగనాచులు.

ఆమె తల్లిలా పెంచిన తమ్ముడు బట్టల మూటల గోదాము పెట్టుకున్నాడు. లోపల సన్నటి ఇనుప స్తంభాల మీద పెద్ద అటక. ఒకరోజు ఆమె వెళ్లేసరికి స్తంభాలను నడుము ఎత్తున కలిపి ఉంచే అడ్డ కమ్మీలు లేవు.

"ఎవరు కోయమన్నార్రా?"

"తోపుడు బండికి అడ్డొస్తున్నాయక్కా. అయినా ఆ కమ్మీలు ఏం మోస్తున్నాయి? గాలిని మోస్తున్నాయి."

"మోయకపోతేనేం, పట్టుకుంటాయి కదరా! మళ్లీ పెట్టించు."

"ఈ సరుకు దిగనీ, పెట్టిస్తాలే."

వాడి 'లే' సంగతి ఆమెకు తెలుసు. మనసాగక, తనకు చేతనైన పని చేసింది. బకెట్టూ కుంచే తెచ్చి స్తంభాలన్నిటికీ సున్నం పూసింది. "పొట్టు రాలిందా, చెప్పులు కూడా వెతుక్కోకుండా బయటికి పరుగెత్తు" అంది. ఆ పూత చూసుకుని ఆమె కంటికి కాస్త కునుకు పట్టింది. అవి కూడా నంగనాచులేనన్న మాట ఆ కంగారులో తట్టనేలేదు.

తమ్ముడు రోజూ నేల చూసి, "అద్దంలా ఉందక్కా!" అని వెక్కిరించేవాడు.

ఒక మధ్యాహ్నం ఆమె తమ్ముడికి అన్నం క్యారియరు పట్టుకొచ్చి గోదాము గుమ్మంలో నిలబడింది. నేల నిజంగానే అద్దంలా ఉంది. గుమ్మం పక్కనున్న స్తంభానికీ వెనక గోడకున్న కిటికీ అంచుకూ మధ్య సన్నటి వెలుగు చార కనిపించింది. హమాలీలు పైకి ఒక మూట ఎక్కించారు. చార నడుమ సన్నబడింది. మూట దించారు. చార మళ్లీ విప్పుకుంది. తెల్లటి స్తంభం ఊపిరి తీసి వదులుతున్నట్టుంది.

ఆమె క్యారియరు అక్కడే వదిలేసి కేకేసింది.

"మూటలు కదపకండి! అందరూ బయటికి రండి!"

వచ్చారు. తమ్ముడూ వచ్చాడు. అందరూ వీధిలో నిలబడి లోపలికి చూశారు. స్తంభం గీత గీసినట్టు నిలబడి ఉంది.

"ఎండకు కళ్లు బైర్లు కమ్మాయేమో అత్తయ్యా" అన్నాడు ఒక హమాలీ.

"సున్నం రాలితే పరుగెత్తమంటావు, రాలకపోతే హడలిపోతావు. ఎట్లా చావనే నీతో?" అన్నాడు తమ్ముడు నవ్వుతూ.

"అది నంగనాచిరా. చెప్పదు."

"ఉండు, దానిచేత నేను చెప్పిస్తా."

ఆమె వాడి చొక్కా పట్టుకుంది. అంచు వేళ్లలోంచి జారిపోయింది. వాడు లోపలికి వెళ్లి, అక్క వైపే చూస్తూ, స్తంభం నడుము మీద అరచెయ్యి ఆనించి ఒరిగాడు.

ఇరుకు సందులో ఎదురొచ్చిన మనిషి తప్పుకున్నట్టు స్తంభం పక్కకు జరిగింది. వాడి చెయ్యి ఒక్క క్షణం గాలిలోనే నిలిచింది. ముఖం మీద నవ్వు ఇంకా ఉంది. అటక కూలిన చప్పుడు ఆ తర్వాతే వచ్చింది.

దుమ్ము అణగకముందే హమాలీలు మూటల మీద పడి లాగడం మొదలుపెట్టారు. ఆమె ఏడవలేదు. నిద్రపోయేవాణ్ణి లేపొద్దన్నట్టు గొంతు తగ్గించి, "మెల్లగా నాయనా, మెల్లగా. వాడు కింద ఉన్నాడు" అంటూనే ఉంది.

తీసేసరికి వాడికి ఊపిరి లేదు.