ఎక్కిన గేరులోనే దిగాలి

నాకు అనుమానం ఎక్కువ. అమ్మ నీళ్ల బిందె దించగానే ఏ బావి నీళ్లని అడిగి గానీ గ్లాసు ముంచేవాడిని కాదట. లారీ స్టీరింగ్ పట్టాక అది ఇంకా ముదిరింది. బ్రేకును నమ్మేవాడిని కాదు, ఎదురొచ్చే బండిని అసలే నమ్మేవాడిని కాదు. డ్రైవరుకు ఆ గుణం మంచిదేనని అనుకునేవాడిని.

ఎనభైల మొదట్లో తాండూరులో నాపరాతి బండల లారీ నడిపేవాడిని. ఒక లారీకి ఇద్దరం డ్రైవర్లం. ఒక ట్రిప్పు నాది, ఒక ట్రిప్పు భాయ్‌ది. భాయ్ నాకంటే నాలుగేళ్లు పెద్ద. నాకు గేర్లు వేయడం నేర్పింది కూడా ఆయనే. పట్నం పోవాలంటే వికారాబాదుకు ముందు అనంతగిరి గుట్ట దాటాలి. అక్కడ ఆయన చెప్పిన మాట ఒక్కటే.

"ఏ గేర్ల ఎక్కినవో గదే గేర్ల దిగాలె తమ్మీ. ఎన్క బండలున్నయి. అవి నీ మాట ఇనయ్."

ఆ రోజుల్లోనే బస్టాండు దగ్గరి హోటల్లో పట్నం నుంచి ఒక పెద్ద డబ్బా తెచ్చి పెట్టారు. కారు పందెం ఆట. టీవీ లాంటి అద్దం, ముందు స్టీరింగ్, కాలి కింద ఎక్సిలేటరు, బ్రేకు, పక్కన గేరు రాడ్డు. గేర్లు రెండే, నిదానానికొకటి, జోరుకొకటి. క్లచ్ లేదు. క్లచ్ లేకుండా గేరు పడే బండిలో ఏదో మోసం ఉండి తీరాలని నాకు అప్పుడే అనిపించింది.

అయినా కూర్చున్నాను. గేరు మార్చినప్పుడల్లా నా ఎడమ కాలు ఉత్త నేలను తొక్కింది. మలుపు కనబడగానే చిన్న గేరు వేసి, అది దాటేదాకా అలాగే పోయాను. గుట్ట దిగే అలవాటు మరి. తక్కిన కార్లన్నీ నన్ను దాటిపోయాయి, సమయం అయిపోయి ఆట ఆగింది. చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. బండల లారీ డ్రైవరునన్న పరువు కాస్తా ఆ హోటల్లో పోయింది.

కొన్నాళ్లకు భాయ్ కూర్చున్నాడు. జోరు మీదే మలుపులోకి పోయి, ఒక్క క్షణం చిన్న గేరు తగిలించాడు. కారు వెనక భాగం పక్కకు జారింది. అది ఎటు జారిందో అటే స్టీరింగ్ తిప్పి, కారు నిలదొక్కుకోగానే మళ్లీ పెద్ద గేరు వేశాడు. అలా అన్ని మలుపులూ దాటేశాడు.

ఆయన ఆడుతున్నంతసేపూ హోటలాయన డబ్బా వెనక నిలబడి స్టెబిలైజరు మీద చేయి పెట్టుకున్నాడు. ఇద్దరూ కూడబలుక్కున్నారని నాకు గట్టి అనుమానం. మర్నాడు హోటలాయనను బయట నిలబెట్టి భాయ్‌ని ఆడించాను. భాయ్ మళ్లీ గెలిచాడు. అప్పుడు నా అనుమానం డబ్బాను వదిలి భాయ్‌ని పట్టుకుంది.

"గిట్ల జారించుడు యాడ నేర్సినవ్ భాయ్?"

"యాడనేంది? గీడనే. నీ ట్రిప్పు ఉన్నప్పుడు నాకేం పని? గీడనే కూసుంట."

నేను నమ్మలేదు. రోడ్డు మీద జారించని చేతులు డబ్బాలో అంత సులువుగా ఎలా తిరుగుతాయి? పైగా ఆ నెల బండల మూలలు పగులుతున్నాయి. నిలువుగా పేర్చి, మధ్యలో గడ్డి కూరినా పగులుతున్నాయి. నా ట్రిప్పులోనూ పగిలాయి. నా ట్రిప్పులో పగిలితే రోడ్డు తప్పు, ఆయన ట్రిప్పులో పగిలితే ఆయన తప్పు. కామెర్లవాడికి లోకమంతా పచ్చనే కదా.

లారీ యజమాని సేటు దగ్గరికి పోయి చెప్పాను. "భాయ్ గుట్ట మీద బండిని ఆట లెక్క జారిస్తుండు సేటూ."

"నువ్వు సూసినవా?"

"సూసిన," అన్నాను.

భాయ్‌ని ఆ రోజే దింపేశారు. లారీలోంచి తన దుప్పటి తీసుకోవడానికి వచ్చి, నన్ను ఒక్క మాట కూడా అడగలేదు. "బండి పైలం తమ్మీ," అని పోయాడు. అడగలేదంటే తప్పు చేసినట్టేనని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

ఆ తర్వాత ట్రిప్పులన్నీ నావే. బండలు పగలడం మాత్రం ఆగలేదు. మెకానిక్ లారీ కిందికి దూరి, కుదుపును ఆపే వెనక కమాను పట్టీ ఒకటి విరిగిందని చెప్పాడు. "ఎప్పుడో ఇరిగింది. తుప్పు సూడు," అన్నాడు. కమాను సంగతి సేటుకు చెప్పాను. నేను చెప్పింది అబద్ధమన్న సంగతి చెప్పలేదు. సిగ్గేసింది, భయమూ వేసింది.

అప్పుడు మళ్లీ ఆ డబ్బా ముందు కూర్చున్నాను. తీరిక దొరికినప్పుడల్లా కూర్చున్నాను. ఎడమ కాలిని మడిచి పెట్టుకుని, మలుపులో గేరు తగిలించి, జారిన వైపే తిప్పడం పట్టుబట్టి నేర్చుకున్నాను. పది పదిహేను రోజుల్లో వచ్చేసింది. రోడ్డు మీద ఎన్నడూ బండిని జారించని నా చేతులు అవి. చుట్టూ ఉన్నవాళ్లు శభాష్ అంటుంటే నాకు ఏడుపొచ్చింది.

భాయ్ అప్పటికి తాండూరు, వికారాబాదు మధ్య జీపు నడుపుతున్నాడు. ఒకరోజు వికారాబాదు బస్సు రాక నేను తాండూరులో రోడ్డు మీద నిలబడితే ఆయన జీపే ఆగింది. "ఎక్కు తమ్మీ," అని ముందు సీటు చూపించాడు.

గుట్ట రెండో గేరులో ఎక్కాడు. రెండో గేరులోనే దిగాడు. వెనక బండలు లేవు, ఏడెనిమిది మంది మనుషులున్నారు. "జర జోర్ల తోలు భాయ్," అని సణిగినా వినలేదు. నేను దారి పొడుగునా ఆయన చేతులనే చూస్తూ కూర్చున్నాను.

వికారాబాదులో అందరూ దిగాక అన్నాను. "సేటుకు చెప్పింది నేనే భాయ్. సూడకుంటనే సూసిన అని చెప్పిన."

"ఎరుకే."

"మరి నన్ను అడగలేదేంది?"

"అడిగితే నువ్వు ఇంకో అబద్ధమాడుతుంటివి." టైర్లు తట్టి చూసుకుంటూ అన్నాడు. "గా డబ్బాల ఎవ్వడు సావడు తమ్మీ. అందుకే జారిచ్చిన. నీకు గేర్లు నేర్పినోన్ని, గా సంగతన్న నీకు సమజ్ కాలే?"

తాండూరు, తాండూరు అని కేకలేసి ఆయన జనాన్ని ఎక్కించుకున్నాడు. ముందు సీట్లో ఎవరో ముసలాయన్ని కూర్చోబెట్టాడు. నన్ను రమ్మనలేదు. నేను తాండూరు బస్సు కోసం నిలబడ్డాను.