కోకాపేటలో అమెరికా ఓటర్ల ఆదివారం

అమెరికా ఎన్నికల సంగతి వినడానికి బాలానగర్ నుంచి కోకాపేట దాకా వెళ్ళవలసి వస్తుందని నేనెన్నడూ అనుకోలేదు. పొద్దున బయలుదేరి, మధ్యాహ్నం భోజనం వేళ దాటాక ఇంటికి చేరిన చిన్న ప్రయాణమే ఇది. అయినా రాసి పెట్టుకోదగినదే.

నేను బాలానగర్‌లో ఒక వర్క్‌షాపులో కొటేషన్లు వేస్తాను. నా చదువు పదో తరగతితో ఆగింది. లెక్కలు ఆ తర్వాత సొంతంగా నేర్చుకున్నవే. ఒకప్పుడు మా పక్కింట్లో ఉన్న ప్రసాద్ విద్యుత్ శాఖలో ఉద్యోగి, ఇప్పుడు మదీనాగూడలో ఉంటున్నాడు. అతని అక్క శారద గారు అమెరికా పౌరురాలు. కంపెనీ పని మీద మూడేళ్ళకని వచ్చి కోకాపేటలో ఉంటున్నారు. వచ్చే వేసవిలో తిరిగి వెళ్ళిపోతారు. అక్కడి పౌరులు ఏ దేశంలో ఉన్నా ఓటు కాగితం పంపవచ్చట. అందుకని అక్కడి సంప్రదాయవాద పార్టీని అభిమానించే కొందరు ఎన్నికలకు ముందు ఒకరింట్లో కూర్చుని మాట్లాడుకుంటారు. సభ నడిపే మనిషికి మాత్రం అక్కడ ఓటు ఉండకూడదని వాళ్ళ నియమం.

ప్రసాద్ ఫోన్ చేశాడు. "అన్నయ్య గారూ, అక్కడి పార్టీల సంగతి మీకేమైనా తెలుసా?"

"ఏమీ తెలియదు."

"అయితే సభ నడపడానికి మీరే కావాలండి."

తర్వాత అసలు విషయం చెప్పాడు. శారద గారు చాలా ఏళ్ళ కిందటే తమ్ముణ్ణి అమెరికా రప్పించుకోవడానికి దరఖాస్తు పెట్టారు. పౌరుల అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్ళకూ అక్కడ వీసాకు ఒక వరస ఉంది. ప్రసాద్ ఆ వరసలో ఉన్నాడు. ఈసారి వాళ్ళ పార్టీ అభ్యర్థి, దొంగదారిన వచ్చేవాళ్ళనే కాదు, చట్టప్రకారం వచ్చేవాళ్ళ సంఖ్యను కూడా తగ్గించాలంటున్నాడు. భార్యాభర్తలు, చిన్నపిల్లలు చాలు, తోబుట్టువుల వరస మూసేద్దాం అంటున్నాడు. ఆ అభ్యర్థి చెప్పే మిగతా మాటలన్నీ శారద గారికి నచ్చినవే.

"మా అమ్మా నాన్నా పోయాక మేమిద్దరమే మిగిలామండి," అన్నాడు ప్రసాద్. "ఓటు ఈ ఆదివారమే పంపాలి. అక్క ఎటూ తేల్చుకోలేకుండా ఉంది."

ఎనిమిదింటికి బాలానగర్ స్టేషన్‌లో మెట్రో ఎక్కాను. అమీర్‌పేటలో దిగి, మెట్లెక్కి, రాయదుర్గం వెళ్ళే రైలు పట్టుకోవాలి. ఆదివారం కాబట్టి కూర్చోవడానికి చోటు దొరికింది. హైటెక్ సిటీ దాటాక కిటికీ వైపు కూర్చుంటే మంచిది. రాళ్ళగుట్టలు తొలిచి కట్టిన అద్దాల భవనాలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. అంతెత్తు అద్దం బిగించడానికి ఎంత సరంజామా కావాలో తెలిసినవాణ్ణి కనుక నాకు వాటిని చూస్తే ముచ్చటేస్తుంది.

రాయదుర్గంలో దిగితే కోకాపేటకు ఆటో. రెండు వందల యాభై అడిగి రెండు వందలకు దిగాడు. సిద్దిపేట వైపు మనిషి. ఎక్కడికి, ఎందుకు అని అడిగితే చెప్పాను.

"గీడ కూసొని గాడ ఓటేస్తరా?" అని వెనక్కి తిరిగి చూశాడు. "మా ఊర్ల ఓటెయ్యాల్నంటే నేను బస్సెక్కి పోవాలె. ఒక దినం గిరాకి పాయె. ఇగ వీళ్ళదే మంచిగుంది సార్!"

"నువ్వు మానేయొచ్చుగా?"

"గట్లెట్ల మానేస్త? ఓటెయ్యకుంటే సర్పంచును ఏ మొఖం పెట్టుకొని తిట్టాలె?"

శారద గారి టవర్ల గేటు దగ్గర సెక్యూరిటీ అతను నా పేరు, ఫోన్ నంబరు అడిగి, ఫోటో తీశాడు. పైన శారద గారు ఫోన్‌లో సరేనని నొక్కేదాకా పక్కన నిలబడ్డాను. ఇరవై ఏడో అంతస్తుకు లిఫ్టు ఎక్కినట్టే తెలియలేదు. బాల్కనీలోంచి చూస్తే రింగు రోడ్డు మీద లారీలు అగ్గిపెట్టెల్లా కనిపించాయి.

ఉన్నది ఆరుగురు ఓటర్లు, ఓటు లేనివాళ్ళం నేనూ ప్రసాదూ. ముందు వేడివేడి పెసరట్టు, ఉప్మా, అల్లం పచ్చడి. పచ్చడి ప్రసాద్ చేసిందట. చాలా బాగుంది.

టిఫిన్ అయ్యాక శారద గారు సభ పద్ధతి చెప్పారు. చిన్నప్పుడు బళ్ళో పద్యం అప్పజెప్పినట్టు, ముందు మాట్లాడినవాళ్ళ వాదన మొత్తం అప్పజెప్పాలి. వాళ్ళు "సరే" అన్నాకే సొంత మాట మొదలుపెట్టాలి. తలా నాలుగు నిమిషాలు, చూడవలసింది నేను. అప్పజెప్పడానికి పట్టే సమయాన్ని నేను లెక్కలో వేసుకోలేదు. దాంతో నా అంచనా మొదటి పావుగంటలోనే తలకిందులైంది.

ముందుగా వెంకటేశ్వరరావు గారు లేచారు. ఏలూరు వారు, డెబ్భై ఏళ్ళు, అక్కడ వంతెనలు కట్టిన ఇంజనీరు. "అభ్యర్థి చెప్పింది సబబేనండి. కొత్తవాళ్ళు వచ్చి కలిసిపోవడానికి ఏ దేశానికైనా కొంత వ్యవధి కావాలి. అక్కడే పుట్టి చదువుకున్న కుర్రాడికి మొదటి ఉద్యోగం దొరకడం కష్టమవుతుంటే, ఇంకా ఇంకా రానివ్వండని నేను ఎలా అంటాను? ఎంతమందిని పిలవాలన్నది ఇంటివాళ్ళ ఇష్టం. నేను ఇప్పుడు ఆ ఇంటివాణ్ణి."

తర్వాత నర్సింహారెడ్డి. కరీంనగర్ మనిషి, గచ్చిబౌలిలో చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉంది. ముందు అప్పజెప్పాలి కదా. "రావు సార్ ఏమన్నరంటే, నేను బస్సెక్కిన, ఇగ రైట్ రైట్ అన్నరు."

అందరూ పగలబడి నవ్వారు. రావు గారు నవ్వలేదు. "కాదు. మళ్ళీ చెప్పు."

రెండోసారి వ్యవధి సంగతి వదిలేశాడు. "మళ్ళీ," అన్నారు రావు గారు. "ఏంది సార్, గిట్ల పరేషాన్ చేస్తరు? మా లెక్కల సారు గూడ గింత సతాయించలే," అంటూనే మూడోసారి ఒక్క ముక్క పోకుండా చెప్పాడు. చెబుతున్నప్పుడు అతని గొంతు మారింది. మొదటి ఉద్యోగం కోసం తిరిగే కుర్రాడి దగ్గరికి వచ్చేసరికి నెమ్మదించాడు. "సరే," అన్నారు రావు గారు.

రెడ్డి సొంత వాదన చిన్నదే. పని తెలిసినవాళ్ళను రానిస్తే పని పెరుగుతుంది, తక్కువ పన్నులు కావాలనే పార్టీ, వచ్చే మనుషులకు మాత్రం అడ్డుకట్ట ఎందుకు వేయాలి అని. "నా దందా ఉన్నది గనుక అంటున్న అనుకుంటరేమో. అవును, ఉన్నది. అయినా మాట నిజమే."

మరో ముగ్గురు మాట్లాడాక శారద గారి వంతు వచ్చింది. తన ముందువాళ్ళది అప్పజెప్పి, ఎవరూ అడగకుండానే రావు గారి వాదన కూడా చెప్పారు. కుర్రాడి ఉద్యోగం, ఇంటివాళ్ళ ఇష్టం, కలిసిపోవడానికి వ్యవధి, అన్నీ. రావు గారు చెప్పినప్పటికంటే ఈవిడ చెబుతుంటే ఆ వాదన బలంగా వినిపించింది.

"నాకంటే బాగా చెప్పావమ్మా," అన్నారాయన.

"ఎందుకంటే అందులో చాలా భాగం నాకూ నమ్మకమే అంకుల్. కానీ మన పార్టీలో నేను చేరిందే కుటుంబం ముఖ్యమన్నారని. అమ్మా నాన్నా పోయాక నాకు కుటుంబం అంటే ఎవరు? వాడే కదా. తోబుట్టువు కుటుంబంలోకి రాడంటే నేను దానికి ఎలా సంతకం పెట్టను?"

రావు గారు ఆ మాటలు అప్పజెప్పడానికి లేచారు. ఒక్కసారికే సరిగ్గా చెప్పారు. "వాడే కదా" అన్నచోట ఒక క్షణం ఆగారు. తర్వాత అన్నారు, "మా తమ్ముడు ఆ వరసలోనే వచ్చాడమ్మా. ఇప్పుడు అక్కడ మా వీధిలోనే ఉంటాడు. నువ్వు పోగొట్టుకుంటానంటున్నది ఏమిటో నాకు తెలుసు. తెలిసీ నా మాట అదే. నన్ను తిట్టుకున్నా సరే."

"తిట్టుకోను. తెలిసి అన్నారు, అది చాలు."

అప్పుడు రెడ్డి అన్నాడు, "ప్రసాద్‌ను గూడ జర అడుగుదాం సార్." ఓటు లేనివాళ్ళు మాట్లాడకూడదని నియమం. నేను ఆరుగురినీ విడివిడిగా అడిగాను. అందరూ సరేనన్నారు.

ప్రసాద్ వంటింటి గుమ్మం దగ్గరే నిలబడి అన్నాడు. "రావాలని ఉందక్కా. లేదని అబద్ధం చెప్పను. కానీ నువ్వు అక్కడ చెయ్యెత్తి ప్రమాణం చేసి ఆ దేశం మనిషివయ్యావు. ఆ మనిషిగానే వెయ్యి. ఎటు వేసినా తర్వాత నా దగ్గర సంజాయిషీ చెప్పుకోకు, అంతే."

"పెద్ద చెప్పొచ్చాడు," అన్నారు శారద గారు. "రావు గారి కప్పు ఖాళీ అయింది, కాఫీ పొయ్యి."

ఆమె లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. మేము కాఫీ తాగాం. తిరిగి వచ్చేసరికి చేతిలో అంటించిన కవరు ఉంది. అమెరికా పంపే కొరియర్ కౌంటరు మదీనాగూడలో ఆదివారం కూడా ఒంటిగంట దాకా ఉంటుందట. కవరు తీసుకెళ్ళి తమ్ముడి చేతిలో పెట్టారు.

"వాడి చేతికే ఇస్తున్నావా అమ్మా?" అన్నారు రావు గారు.

"వాడి చేతికి కాకపోతే ఇంకెవరి చేతికిస్తానండీ?"

పన్నెండుకు ప్రసాద్ స్కూటర్ వెనక కూర్చుని బయలుదేరాను. కవరు తడవకుండా ప్లాస్టిక్ సంచిలో చుట్టి చొక్కా లోపల పెట్టుకున్నాడు. గచ్చిబౌలి, కొండాపూర్ మీదుగా ఆదివారమైతే ముప్పావుగంట పట్టదు. దారిలో చినుకులు పడ్డాయి. ఎక్కడా ఆగలేదు. గతుకు వచ్చినప్పుడల్లా ఎడమ చేత్తో గుండె దగ్గర తడిమి చూసుకున్నాడు.

కౌంటర్‌లో అమ్మాయి కవరు తూచి, లోపల ఏముందని అడిగింది.

"మా అక్క ఓటు," అన్నాడు.

"ఎవరికేసిందన్నా?" ఆ అమ్మాయి నవ్వుతూ అడిగింది.

"నేనడగలేదమ్మా."

రసీదు తీసుకుని బయటికి వచ్చాం. నన్ను మియాపూర్ స్టేషన్ దగ్గర దింపుతున్నప్పుడు ఉండబట్టలేక అన్నాను, "ఒక్కమాట అడిగి ఉండవలసింది. నీ సంగతే కదా ప్రసాద్."

హెల్మెట్ తీసి చేత్తో పట్టుకున్నాడు. "అడిగితే చెప్పేస్తుందండి. అందుకే అడగలేదు."

బాలానగర్‌కు మెట్రోలో కొద్ది స్టేషన్లే. ఆ కాసేపూ పొద్దున్నుంచి విన్నదంతా నెమరేసుకున్నాను. ఆ ఇంట్లో ఎవరూ ఎవరి అభిప్రాయాన్నీ మార్చలేదు. మార్చాలని పట్టుబట్టలేదు కూడా. ఎదుటివాళ్ళ మాటను సరిగ్గా చెప్పగలిగేదాకా తమ మాటను ఆపుకున్నారు. వెళ్ళేటప్పుడు రావు గారే శారద గారి నెత్తి మీద చెయ్యి పెట్టి వెళ్ళారు. ఏ కాగితం చూసినా కింద మొత్తం ఎంత వచ్చిందా అని వెతకడం నాకు అలవాటు. ఆ కవరులో ఏముందో మాత్రం తెలుసుకోవాలనిపించలేదు. దాన్ని రాసిన అక్కనూ, తెరవకుండా మోసిన తమ్ముణ్ణీ చూశాను. బాలానగర్‌లో దిగేసరికి వాన వెలిసింది.