దిష్టి తీస్తే రంగులు మారిన హాలు

దగ్గరికి జరగండమ్మా, ఆ ఫోన్లు కాసేపు బోర్లించి నా మాట వినండి. ఆ రోజుల్లో నాకు చేతులు కదపకుండా మాట్లాడటం వచ్చేది కాదు (ఇప్పుడూ రాదు). చదివింది మూడో తరగతి, మిగతాదంతా నా చేతులే చెప్పేవి. అలాంటి నేను ఖతర్‌ వెళ్ళి, దోహాలోని అల్ హిలాల్‌లో ఒక ఆంధ్రా సారు ఇంట్లో వంటకూ పాపను చూసుకోవడానికీ కుదిరాను. ఆ సారు చేసే పనేమిటో తెలుసా? చేతి సైగతో దీపాలు వెలిగించే డబ్బా తయారుచేయడం!

అగ్గిపెట్టెంత నల్ల డబ్బా అది, హాలు గోడకు అంటించి ఉండేది. "అక్కా, ఇందులోంచి కంటికి కనపడని వెలుగు వస్తుంది. నీ చేతికి తగిలి మళ్ళీ దీని దగ్గరికే వెళ్తుంది. దాన్నిబట్టి చెయ్యి ఎటు కదిలిందో దీనికి తెలుస్తుంది," అన్నారు సారు. కుడికి ఊపితే దీపాలు వెలుగుతాయి, ఎడమకు ఊపితే ఆరిపోతాయి, గుండ్రంగా తిప్పితే రంగు మారుతుంది. "గా వెలుగు తాకితే చెయ్యి కాలదా సారూ?" అని, నేను చేతికి కొంగు చుట్టుకుని మరీ ఊపాను. ఇక నా పాట్లు చూడాలి. హాల్లో నిలబడి ఊరికి వీడియో కాల్ చేస్తే, ముచ్చట చెప్పినంతసేపూ దీపాలు ఆరడం, వెలగడం. మా అత్త అటునుంచి, "ఏం దుబాయే పిల్లా నీది! గడియగడియకు కరెంటు వోతున్నది. మన ఊరే నయం," అని జాలిపడింది. (ఖతర్ అని ఎంత చెప్పినా ఆమెకు దుబాయే.)

ఒక శుక్రవారం సారు కంపెనీ పెద్దాయన, అరబ్బు ఆయన, డబ్బాను చూడటానికి భోజనానికి వస్తున్నారన్నారు. ఆయనకు నచ్చితే లుసైల్‌లో కడుతున్న ఫ్లాట్లన్నిటికీ పెడతారట. నచ్చకపోతే సారు పడ్డ కష్టమంతా అటకెక్కినట్టే. మేడమ్ పొద్దున్నుంచీ నా వెంటే తిరిగారు. "అక్కా, నీకు దణ్ణం పెడతాను, హాల్లోకి వస్తే చేతులు కట్టుకునే ఉండు."

"చేతులు కట్టుకుంటే బిర్యానీ ఎవలు వడ్డిస్తరమ్మా?"

"వడ్డించు, మాట్లాడకు!"

పెద్దాయన వచ్చారు. సారు చెయ్యి ఊపారు, దీపాలు మాట విన్నాయి. ఆయన మాత్రం కరెంటు బిల్లు చూసినట్టు చూశారు, నవ్వలేదు. సారు నుదుటి మీద చెమటలు. ఇంతలో ఆ పెద్దాయన మా పాప బుగ్గ నిమిరి, "మాషా అల్లా" అని ముద్దు చేశారు. అంతే, పాప గుక్కపట్టి ఏడుపు! బొమ్మకు ఆగదు, పాలకు ఆగదు. సారు చెప్పే మాట ఒక్కటీ వినపడదు. నాకింకేం తోచలేదు. గుప్పెడు దొడ్డు ఉప్పు పట్టుకొచ్చి, హాలు మధ్యలోనే పాపకు దిష్టి తీయడం మొదలుపెట్టాను.

నా చెయ్యి తిరిగింది. హాలు నీలమైంది, ఎర్రనైంది, పచ్చనైంది. అటు విసిరితే చీకటి, ఇటు విసిరితే పెళ్ళి పందిరి!

"అక్కా, ఆపు!" సారు కేకేశారు.

"నడుమల ఆపితే దిష్టి పోదు సారూ! జరసేపు ఆగుండ్రి!"

రంగులు చూసి పాప ఏడుపు మరిచిపోయి కిలకిలా నవ్వింది. దాన్ని చూసి ఆ పెద్దాయన పొట్ట పట్టుకుని నవ్వారు. లేచి నా పక్కకొచ్చి, ఖాళీ చెయ్యి గిరగిరా తిప్పుతూ, "యల్లా, యల్లా!" అన్నారు, కానీ కానీ అన్నట్టు. మేడమ్ నవ్వలేక, ఏడవలేక గోడకు ఆనుకున్నారు. చివరికి ఆయన చెప్పిన మాట సారు నాకు తెలుగులో చెప్పారు: "ఈమె చేతుల జోరు అందుకున్న డబ్బా ఎవరింట్లోనైనా పనిచేస్తుందట. లుసైల్‌కి ఒప్పుకున్నారు అక్కా! కాకపోతే, ముచ్చట చెప్పే చెయ్యేదో, దీపాన్ని పిలిచే చెయ్యేదో దానికి నేర్పమన్నారు." దాంతో నెలంతా నా ముచ్చట్లే ఆ డబ్బాకు బడి అయ్యాయి. నేను చెప్తుంటే చెయ్యి ఎటెటు ఊగిందో సారు రాసుకునేవారు.

ఇప్పుడు ఊళ్ళో మా ఇంట్లో అన్నీ మామూలు స్విచ్చులే. మొన్న సందెవేళ వంటింట్లోకి వెళ్ళి, గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపాను. ఏమీ వెలగలేదు. వెనక నుంచి మా బిడ్డ, "ఎవలకు టాటా చెప్తున్నవే అమ్మా?" అంది. "దోహాల ఉప్పు పట్టుకొని ఎగిరిన ఒక పిల్లకు," అన్నాను. నవ్వుకుంటూ స్విచ్చు నొక్కాను.

సరేనమ్మా, విన్నవాళ్ళంతా చల్లగా ఉండండి. మీ ఇంట పిల్లలు కిలకిలమనాలి, మీరు పిలిచినప్పుడల్లా వెలుగు పలకాలి.