కాలేజీని వెనక గేటు నుంచి చూపించిన పెద్దబాపు

మా వీధి పెద్దబాపు పోయిన శనివారం పొద్దున కన్నుమూశారు. దినాలైనా కాకముందే ఆయన గురించి రాయడానికి కూర్చున్నానంటే కారణం ఉంది. డిగ్రీ ప్రవేశాలకు వెబ్ ఆప్షన్లు ఇచ్చే రోజులు మొదలయ్యాయి. మాణికేశ్వర్ నగర్‌లోని మా వీధి నుంచి ఈ ఏడు ముగ్గురు అమ్మాయిలు ఇంటర్ పాసయ్యారు. ముగ్గురూ తమ ఇళ్లలో మొదటిసారి కాలేజీకి వెళ్లబోయేవాళ్లే. వాళ్లకు కాలేజీలు తిప్పి చూపిస్తానని మాటిచ్చిన మనిషి ఇప్పుడు లేరు. అందుకే ఆగకుండా రాస్తున్నాను.

ఆయన మాకు చుట్టం కాదు. యూనివర్సిటీ వృక్షశాస్త్ర విభాగంలో ముప్పై ఏళ్లకు పైగా ల్యాబ్ అటెండర్‌గా పనిచేసి రిటైరయ్యారు. మా ఇంటికి మూడిళ్ల అవతల ఉండేవారు. మా బాపు ఆయన్ని అన్నా అని పిలిచేవాడు కాబట్టి నాకు పెద్దబాపు అయ్యారు. ఏడో తరగతితో ఆగిపోయిన చదువు. అయినా మొక్కల శాస్త్రీయ నామాలు తడుముకోకుండా చెప్పేవారు. విద్యార్థులు తెచ్చిన కొమ్మల్ని, ఆకుల్ని పాత న్యూస్‌పేపర్ల మధ్య పరిచి, పైన బరువు పెట్టి, రోజూ చెమ్మగిల్లిన కాగితం తీసి పొడిది మార్చడం ఉద్యోగంలో ఆయన పని. రిటైరయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క పరుపు కింద ఎప్పుడూ రెండు మూడు కట్టలుండేవి. పెద్దమ్మ మా అమ్మతో అనేది: "మనుషులు చాప మీద, గడ్డి పరుపు కింద. ఈయనతోని ఎట్ల ఏగాలె చెప్పు!"

ఆదివారాలు వీధిలో పిల్లల్ని వెంటేసుకుని యూనివర్సిటీ క్యాంపస్‌లోకి వెళ్లేవారు. ఎవరికీ పాఠం చెప్పేవారు కాదు. ఒక్కొక్కరికి ఒక్కో చెట్టు అప్పగించి, పేరు నేర్చుకోమనేవారు. మళ్లీ వారం ఆ పేరు అడిగేవారు. "పేరు తెల్సినదాన్ని నరకాలంటే చెయ్యి రాదు బిడ్డా" అనడం ఆయన దగ్గరే విన్నాను. నాకు అప్పగించినది లైబ్రరీ పక్కనున్న నెమలినార చెట్టు. దాని శాస్త్రీయ నామానికి నాకు ఇంకా నోరు తిరగదు.

మూడేళ్ల కిందట నేను ఇంటర్ పాసయ్యాను. అంతకు ముందు ఏడాది మా వీధి చివర చెత్త కాలుస్తుంటే, ఆ పొగకు తమ్ముడికి దగ్గు తగ్గడం లేదని నేనూ ఇద్దరు స్నేహితురాళ్లూ వారం వారం మున్సిపల్ ఆఫీసుకు వెళ్లి ఫిర్యాదు ఇచ్చాం. ఏడోసారికి చెత్త బండి రావడం మొదలైంది. అప్పటినుంచి నాకొక కోరిక పట్టుకుంది. చదువుతో పాటు ఇలాంటి పనులకు నడుం కట్టే పిల్లలున్న కాలేజీలోనే చేరాలి. అది ఏదో ఎవరిని అడగాలో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. బాపు ఆటో నడుపుతాడు. "కంప్యూటర్ తీస్కో, మంచిగుంటది" అనేవాడు. నేను ఫోన్‌లో వెతికి ఒక కాలేజీని మొదటి ఆప్షన్‌గా అనుకుని పెద్దబాపుకు చెప్పాను.

"ఎట్ల తెల్సు మంచిదని?" అన్నారు.

"వెబ్‌సైట్ చూసిన పెద్దబాపూ. అంతా పచ్చగున్నది. గ్రీన్ క్లబ్ గూడ ఉన్నదట."

"ఫోటోల పచ్చగ లేని కాలేజీ ఏదన్న ఉన్నదా? రేపు పొద్దుగాల చెప్పులేస్కోని రా. పోయి చూద్దం."

తార్నాకలో బస్సెక్కి వెళ్లాం. అద్దాల భవనం, ముందు గడ్డి మైదానం చూసి నేను ఆగిపోయాను. ఆయన అటువైపు చూడనైనా చూడకుండా గోడ పట్టుకుని నడిచి వెనక గేటు దగ్గరికి తీసుకెళ్లారు. పరీక్షల డ్యూటీలకూ, ల్యాబ్ సామాను చేరవేయడానికీ ఊరంతా తిరిగిన మనిషి కదా, ప్రతి కాలేజీలో ఒక అటెండర్ ఆయనకు దోస్తు.

"ఏం మియా, ఉన్నవా ఇంక?" అన్నాడు అక్కడి అటెండర్.

"నిన్ను సాగనంపకుండ నేనెట్ల పోతనే? చాయ్ చెప్పు."

భవనం వెనక వరసగా పన్నెండు మొక్కలున్నాయి. ఒక్కోదాని ముందు నాటిన ముఖ్య అతిథి పేరుతో రాతి పలక. పలకలు మెరుస్తున్నాయి, మొక్కలు వాడిపోయి ఉన్నాయి. పెద్దబాపు గొంతుక్కూర్చుని వేలితో మట్టి గీకారు. నల్ల ప్లాస్టిక్ బయటపడింది.

"కవరు తియ్యకుంటనే పెట్టిండ్రు."

"ఫోటో జల్ది అయిపోవాలె గదన్నా" అని నవ్వాడు అటెండర్.

పెద్దబాపు నవ్వలేదు. మొక్కను పెకిలించి, కవరు చింపి, మళ్లీ పాతి, తన సీసాలోని నీళ్లు పోశారు. తర్వాత నా వైపు చూశారు. మిగతా పదకొండు కవర్లూ నేనూ ఆ అటెండరూ కూర్చుని తీశాం. నా కొత్త డ్రస్సు మోకాళ్ల దగ్గర పాడైంది. ఆ కాలేజీ నా జాబితాలోంచి దానంతటదే జారిపోయింది.

మూడో రోజు ఒక పాత కాలేజీకి వెళ్లాం. పెచ్చులూడిన గోడలు. ప్రిన్సిపాల్ గది ముందు పదిహేను మంది విద్యార్థులు నేల మీద కూర్చుని ఉన్నారు. పార్కింగ్ షెడ్డు కోసం రెండు వేపచెట్లు కొట్టేస్తారట. ప్రిన్సిపాల్ బయటికొచ్చి, "క్లాసులకు పోతరా, మీ నాయినలకు ఫోన్ చెయ్యాల్నా?" అని అరిచారు.

"చెయ్యున్రి సార్. మా నాయిన గూడ వచ్చి కూసుంటడు" అంది ఒక అమ్మాయి.

అందరూ నవ్వారు. ప్రిన్సిపాల్ నవ్వు ఆపుకుంటూ లోపలికి వెళ్లి షెడ్డు ప్లాను కాగితం తెచ్చి వాళ్ల ముందు పరిచారు. నేను ఆ అరుపుకే భయపడి పెద్దబాపు వెనక్కి జరిగాను. ఆయన మాత్రం గోడకు అంటించిన ఒక కాగితాన్ని చదువుతున్నారు. ఏ గంటలో ఎవరు కూర్చోవాలో, ఎవరు క్లాసుకు వెళ్లాలో రాసిన వంతుల పట్టిక అది.

"సారు తిడుతుండు గాని ఎవ్వర్ని ఎల్లగొడ్తలేడు. పోరగాండ్లు లొల్లి జేస్తున్నరు గాని క్లాసు ఇడుస్తలేరు. గిదే మొదట రాయి" అన్నారు.

ఆప్షన్లు పెట్టడానికి తార్నాకలోని నెట్ సెంటర్‌కు బాపు కూడా వచ్చాడు.

"అన్నా, ధర్నాలు జేసే కాలేజీల ఏస్తమా ఆడపిల్లను?"

"తమ్మీ, నీ బిడ్డ లొల్లి జెయ్యకుంటే మన గల్లీల చెత్తబండి వచ్చునా?"

నెట్ సెంటర్ అతను విసుక్కున్నాడు. "జల్ది చెప్పున్రి అంకుల్, వెనక లైనున్నది. నేను లాక్ జేస్తే మళ్ల మార్చరాదు." బాపు నా ముఖం చూసి, "ఆమె చెప్పినట్టే కొట్టు" అన్నాడు. ఆ మాట అనిపించింది పెద్దబాపే అని నాకు తెలుసు. ఈ వేసవిలో ఆ కాలేజీలోనే నా డిగ్రీ పూర్తయింది. వేపచెట్లు రెండూ ఉన్నాయి.

ఆయన లెక్క ఒకసారి తప్పింది కూడా. నా తర్వాతి ఏడాది వారాసిగూడ నుంచి వచ్చిన ఒక అమ్మాయికి, చెరువుల మీద బాగా పనిచేసే విద్యార్థులున్నారని ఊరి చివరి కాలేజీ చెప్పారు. మూడు బస్సులు మారాలి, పైగా అక్కడ ఆడపిల్లల బాత్రూంలో నీళ్లు రావు. దసరా సెలవుల తర్వాత ఆమె మానేసింది. ఆ సంగతి తెలిసిన రోజే పెద్దబాపు వాళ్లింటికి వెళ్లి, వాళ్ల నాన్న ముందు, "తప్పు నాది. పిల్లనేమనకున్రి" అన్నారు. మరుసటి ఏడు దగ్గర్లోని కాలేజీలో చేర్పించేదాకా వదల్లేదు. అప్పటినుంచి ఏ కాలేజీకి వెళ్లినా ఆయన అడిగే మొదటి ప్రశ్నలు మారాయి. "చెట్ల సంగతి తర్వాత. బస్సులెన్ని మారాలె? ఆడపిల్లల బాత్రూంల నీళ్లొస్తున్నయా?"

పోయిన నెల ఈ ముగ్గురు అమ్మాయిలూ ఆయన దగ్గరికి వచ్చినప్పుడు నేనూ ఉన్నాను. అప్పటికే నాలుగడుగులు వేస్తే ఆయాసం. "ఎండ తగ్గనియ్యున్రి, పోదం" అన్నారు. నా వైపు తిరిగి, "నువ్వు గూడ రా. మీరు మెట్లెక్కి చూసి రాన్రి, నేను కింద చాయ్ తాగుతుంట" అన్నారు. ఎండ తగ్గింది. ఆయన లేరు.

నిన్న నేనే వాళ్లను, దారిలో ఆ పన్నెండు మొక్కల సంగతి చెబుతూ, ఒక కాలేజీకి తీసుకెళ్లాను. ముందు గేటు వాచ్‌మన్ లోపలికి పోనివ్వలేదు. వెనక గేటుకు వెళ్తే అక్కడ నాకు తెలిసినవాళ్లెవరూ లేరు. పెద్దబాపు తన దోస్తుల నంబర్లు ఎక్కడా రాసిపెట్టుకోలేదు. ముగ్గురిలో చిన్నది గేటు కమ్మీల మధ్య ముఖం పెట్టి లోపలికి చూస్తూ, "అక్కా, గా మొక్కలకు కవర్లు తీసిండ్రంటవా?" అని అడిగింది. దూరం నుంచి నాకు కనిపించలేదు.

మీరు ఈ ఊళ్లో ఏ కాలేజీలోనైనా చదువుతున్నా, పాఠాలు చెబుతున్నా, అటెండర్‌గా, ఆయాగా పనిచేస్తున్నా, ఈ ముగ్గురికీ ఒక గంట మీ కాలేజీ చూపించగలరా? ఉన్నదున్నట్టు చూపిస్తే చాలు. ఈ పత్రిక సంపాదకులకు రాస్తే నాకు అందజేస్తామన్నారు. ఆప్షన్లు లాక్ చేసేలోపు వెళ్లి రావాలి కాబట్టి, దయచేసి ఈ నెల ఇరవయ్యో తేదీలోగా జవాబు రాయండి.