తాళింపు వేసుకోనిచ్చే ఇల్లు

సింగపూర్‌కి కంపెనీలు ఎందుకొస్తాయని ఎవరైనా అడిగితే మా ఆఫీసులో ఒక రంగురంగుల పుస్తకం చేతిలో పెట్టేవాళ్ళు. పన్నులు తక్కువ, కోర్టులు నికరం, కరెంటు పోదు, విమానాశ్రయం దగ్గర. అన్నీ నిజాలే. కానీ ఆ పుస్తకం రాసిన మహానుభావుడు ఏ ఇల్లాలితోనూ కలిసి అద్దె ఇల్లు వెతికిన పాపాన పోలేదు. నేను వెతికాను. అదే నా ఉద్యోగం.

ఐటీ మంచి ఊపు మీదున్న రోజులవి. మలేషియాలో పుట్టిన తెలుగుదాన్ని, పని కోసం ఇటు దిగి ఇక్కడిదాన్నే అయిపోయాను. బయటి నుంచి వచ్చే ఇంజనీర్లకు ఇల్లూ బడీ చూపించి కుదుటపరచడం మా పని. ఒక విదేశీ కంపెనీ చాంగీ బిజినెస్ పార్క్‌లో సాఫ్ట్‌వేర్ కేంద్రం పెట్టాలనుకుంది. నడపడానికి గుంటూరు ఇంజనీరు ఒకాయన్ని ఎంచుకుంది. ఆయన సరేనంటే కేంద్రం ఇక్కడ, ఆయన మనసు ఆస్ట్రేలియా మీదికి పోతే కేంద్రమూ అక్కడికే. ఊరు చూసి తేల్చుకుందామని భార్యతో వచ్చారు.

గని లేదు, పొలం లేదు, తాగే నీళ్ళలోనూ కొన్ని పక్కదేశానివే. మనుషుల్ని రప్పించుకోవడమే మాకున్న పెద్ద విద్య. అందులో ఓడిపోవడం నాకు ససేమిరా పడదు.

చూసిన ప్రతి ఇంట్లోనూ ఒకటే మాట. ఇండియన్ వంట కుదరదు. సాయంత్రానికి ఇంజనీరు భార్య ముఖం మాడిపోయింది.

"ఏందక్కా ఇది? పిలిచి పీటేసి, అన్నం మాత్రం వండుకోవద్దంటే ఎట్టా? ఆస్ట్రేలియాకే పోతాం."

ఆయన నెమ్మదిగా అన్నారు. "తను వద్దంటే నేను సంతకం పెట్టనండీ."

మిగిలింది టాంపినీస్‌లో ఒక ఫ్లాటు. ఇంటావిడ పెద్ద వయసు చైనీస్ ఆంటీ, తను ఎదురింట్లో కూతురి దగ్గర ఉంటోంది. హాలు చూపించింది, గదులు చూపించింది, వంటింటి గుమ్మంలో అడ్డంగా నిలబడింది. ఆంటీ, నేనూ మలయ్‌లో మాట్లాడుకున్నాం, మాట చివర 'లా' తగిలించడం ఇక్కడి అలవాటు.

"లైట్ కుకింగ్ ఓన్లీ లా. కూర వాసన గోడలకి పట్టేస్తుంది."

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. నోరు తెరిచేలోగా ఎదురింటి నుంచి గుప్పుమని ఘాటు కొట్టింది. ఆవిడ కూతురు బెలచాన్ వేయిస్తోంది. ఊరబెట్టిన రొయ్యపొట్టు ముద్ద అది. నాకు ప్రాణమే కానీ, కొత్తవాళ్ళు తట్టుకోలేరు. గుంటూరావిడ ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుంది.

"అమ్మో! ఏం కాలిపోతోందక్కా?"

ఇక ఆగలేదు నేను. "ఆంటీ, మీ బెలచాన్‌కి ఈ అంతస్తంతా తుమ్ముతోంది. మిమ్మల్నెవరైనా లైట్ కుకింగ్ అన్నారా?"

ఆవిడ ముఖం ఎర్రబడింది. "నా ఇల్లు, నా మకాన్, నా తిండి! దాన్ని అనడానికి ఎవరికెన్ని గుండెలు?"

"ఈ అమ్మాయిదీ అదే మాట ఆంటీ."

ఆ ఘాటు వీళ్ళ వంటేనని గుంటూరావిడకి తెలుగులో చెప్పాను. ఇల్లూ పోయింది, కేంద్రమూ పోయింది, నా నోటిదురుసు వల్లే పోయిందనుకున్నాను. అంతలో చున్నీ చాటున ఆవిడ కిసుక్కున నవ్వింది.

"ఏవండీ, ఈమె ఇంత కంపు వండుకుని దర్జాగా బతుకుతుంటే, నా ఇంగువ తాళింపు ఒక లెక్కా? నాకీ ఇల్లే కావాలి."

ఏమంటోందని ఆంటీ అడిగింది. ఉన్నదున్నట్టు చెప్పాను, కంపు అన్న ఒక్క మాట మింగేసి. ఆంటీ ఆవిణ్ణి ఎగాదిగా చూసింది.

"మిరపకాయలు ఎన్ని వేస్తుంది?"

నేను తెలుగులో అడిగితే గుంటూరావిడ గుప్పిలి నిండుగా చూపించింది. ఆంటీ గుమ్మంలోంచి పక్కకి తప్పుకుంది.

ఆ వారమే ఆయన సంతకం పెట్టారు. కేంద్రం వచ్చింది, వెనకాలే ఆయన జట్టు మొత్తం దిగింది. మా పుస్తకంలో కొత్త అద్దాల భవనం బొమ్మ వేశారు. ఆ వంటింటి కిటికీ వెయ్యండయ్యా అన్నాను, ఎవరు వింటారు!

కొన్నాళ్ళకి ఆంటీ ఫోన్ చేసింది. పై అంతస్తులో వాళ్ళ చెల్లెలి ఫ్లాటు ఖాళీ అయిందట.

"నీ మనుషులు ఇంకెవరైనా ఉన్నారా?"

"ఉన్నారాంటీ," అన్నాను ఉడికిద్దామని, "లైట్ కుకింగ్ చేసేవాళ్ళు."

"అయ్యో, వద్దు లా! అలాంటివాళ్ళింటి నుంచి మాకేం కూర గిన్నె వస్తుంది?"